నేతిబీరకు ఒక సొరుగు

విత్తనాల భాండారంలో ఎనభై అయిదు డబ్బాలున్నాయి. వాటి మూతలు తీసి పురుగు చూడడం, గింజలు ఎండబెట్టడం, మూడేళ్ళకోసారి విత్తి కొత్త గింజ పట్టడం, ప్రతి డబ్బాకీ ఒక కార్డు రాయడం, ఇవన్నీ ఒక్క మనిషి పని. ఆవిణ్ణి ఆఫీసులో డబ్బాలమ్మ అనేవారు. మొదట్లో చాటున అనేవారు. ఒకరోజు ఆవిడే ఫోనెత్తి, “ఆఁ, డబ్బాలమ్మనే మాట్లాడుతున్నా, చెప్పండి” అన్నాక ఇక మొహమాటం వదిలేశారు.

ఆ డబ్బాల్లో వరి, గోధుమ లాంటి పేరుమోసిన పంటలు లేవు. వాటికి వేరే పెద్ద భవనాలు, గేటు దగ్గర కాపలాదార్లు ఉన్నారు. ఇక్కడున్నవి చాలావరకు ఒకప్పుడు పది పనులకు పనికొచ్చి ఇప్పుడు ఎవరికీ పట్టనివి. జనుము, కుసుమ, అవిసె, ఉలవ, చీపురు జొన్న, బుర్ర సొర. పెళ్ళిలో పొద్దున్నుంచీ చాకిరీ చేసి తీరా ఫొటో తీసే వేళకు కనబడని బంధువులుంటారే, అలాంటివన్నమాట. డబ్బాలమ్మ కూడా ఏ ఫొటోలోనూ సరిగ్గా పడిన మనిషి కాదు కాబట్టి వాటికీ ఆవిడకూ బాగా కుదిరింది.

ఒక సోమవారం పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. భాండారానికి గింజలు చల్లగా దాచే కొత్త పెట్టె ఇస్తున్నారు. అందులో అరవై సొరుగులు. అంటే అరవై మొక్కలకే చోటు, మిగతా పాతిక డబ్బాలూ ఖాళీ చేసెయ్యాలి. ఏది ఉండాలో ఏది పోవాలో పది రోజుల్లో తనిఖీ అధికారి వచ్చి తేలుస్తారు. ఈలోగా ప్రతి కార్డు మీదా ఆ మొక్క ఉపయోగాలు ఎన్నో, వాడేవాళ్ళు ఎందరో రాసి ఉంచాలి. ఉపయోగాలు నోటితో చెబితే చెల్లవు, చేసే మనిషి వచ్చి చేసి చూపించాలి.

డబ్బాలమ్మ కార్డులన్నీ బల్ల మీద పరిచింది. జనుము కార్డు నిండుగా ఉంది: తాడు, గోనె, వల, పశువుల మేత, పొలానికి ఎరువు. కుసుమ కార్డూ ఫరవాలేదు: గింజకు నూనె, పూరేకులకు రంగు, పొలం గట్టు మీద వేస్తే ముళ్ళకంచె. అలా చూసుకుంటూ వచ్చి ఒక కార్డు దగ్గర ఆవిడ ఆగిపోయింది.

నేతిబీర. ఉపయోగం: గిన్నెలు తోముకోవడం. వాడేవాళ్ళు: ఖాళీ.

అది పోతే పోయిందిలే అనుకోడానికి వీల్లేదు. ఆ గింజలు ఆవిడ అత్తగారివి.

అత్తగారి పెరట్లో కంచె పొడుగునా ఆ తీగే పాకి ఉంటుంది. కాయలు లేతగా ఉన్నప్పుడు కొన్ని కూరకి పోగా మిగతావి తీగ మీదే ఎండనిచ్చి, గలగలమన్నాక కోసి, నీళ్ళలో నానేసి, తొక్క వలిచి, గింజలు దులిపి, ఉతికి ఆరేస్తుంది. తెల్లటి పీచు మిగులుతుంది. ఆ పీచుతో ఆవిడ చెయ్యని పని లేదు. పదకొండేళ్ళ కిందట, కోడలికి భాండారంలో ఉద్యోగం వచ్చిన మొదటి వారం, దోసెడు గింజలు కాగితంలో పొట్లం కట్టి, “ఇదిగో అమ్మాయ్, నా ఆస్తి. జాగ్రత్తగా దాచు,” అని ఇచ్చింది. కోడలు దాచింది. కొత్త ఉద్యోగం, రాయాల్సిన కార్డులు కొండంత ఉన్నాయి. ఆ తొందరలో గబగబా ఒక్క ముక్క రాసి, ఆ కార్డు తెచ్చి అత్తగారికి చూపించింది కూడా.

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని చదివింది. ఒకసారి కాదు, మూడుసార్లు.

“గిన్నెలు తోముకోవడం,” అంది. “అంతేనా?”

“చోటు చిన్నది కదా అత్తయ్యా.”

ఆ మాటతో వచ్చింది చిక్కు. ఆ రోజు నుంచీ అత్తగారు కోడలి దగ్గర నేతిబీర మాట ఎత్తలేదు. కోడలు ఎత్తితే, “నీ కార్డులో చోటు లేదుగా,” అనేది. మిగతా విషయాల్లో ఇద్దరూ పాలూ నీళ్ళలా ఉండేవారు. ఒకరికి కాలు నొప్పెడితే రెండోవారు కుంటేవారు. ఈ ఒక్క తీగ దగ్గర మాత్రం పదకొండేళ్ళుగా గడప దాటని కోపం అలాగే కూర్చుంది.

ఇప్పుడు ఆ డబ్బా ఖాళీ చెయ్యమంటే ఇంటికెళ్ళి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? పైగా ఇంకో గండం ఉంది. ఆ కంచె తీసేసి సిమెంటు గోడ కడతామని పురపాలక సంఘం వాళ్ళు నోటీసు అంటించి వెళ్ళారు. ఆ కంచె కింది పట్టీ తప్ప పెరడంతా గచ్చే, గోడ లేస్తే ఆ ఇంట్లో ఇంక జానెడు మట్టి మిగలదు. డబ్బా పోయి, తీగ కూడా పోతే, ఇక ఆ గింజ ఎక్కడా లేనట్టే.

ఉపయోగాలు చెప్పమని అడిగితే అత్తగారు చెప్పదు. కాళ్ళ మీద పడితే లేవదీసి మంచినీళ్ళిచ్చి మరీ చెప్పదు. డబ్బాలమ్మ బస్సులో ఇంటికొస్తూ ఆలోచించింది. అత్తగారిలో ఒక్క బలహీనత ఉంది. తన కళ్ళ ముందు ఎవరైనా పని తప్పుగా చేస్తుంటే ఆవిడ చూస్తూ ఊరుకోలేదు. పక్కింటివాళ్ళు బట్టలు వంకరగా ఆరేస్తే ప్రహరీ ఎక్కి సర్దే మనిషి.

ఆ సాయంత్రం కోడలు పొయ్యి మీంచి మరిగే గిన్నె దించి, తిన్నగా తీసుకెళ్ళి వార్తాపత్రిక మడత మీద పెట్టింది. బల్ల కొత్తది. అత్తగారు గుమ్మంలో నిలబడి చూసింది. ఒకటి, రెండు, మూడు అంకెలు లెక్కపెట్టేంత సేపు ఓర్చుకుంది.

“బల్ల తగలబెడతావా ఏం!” అని లోపలికెళ్ళి, నలుచదరంగా కుట్టిన పీచు బిళ్ళ తెచ్చి గిన్నె కింద తోసింది. “ఎంత వేడైనా కిందికి దిగదు. గుడ్డి కోడలికి కూడా తెలుస్తుంది.”

కోడలు తల వంచుకుని, “అలాగా అత్తయ్యా,” అంది. వంటింటి మూల తిరిగి కేలెండరు కాగితం వెనక రాసుకుంది: వేడి గిన్నె కింద బిళ్ళ. ఒకటి.

మర్నాడు కాగిన నూనె జల్లెడలోంచి వడకట్టింది. నలకలన్నీ దిగిపోయాయి. అత్తగారు పళ్ళు కొరికి, గరాటులో పీచు ముక్క కుక్కి ఇచ్చింది. ఆ మర్నాడు సబ్బును నీళ్ళలోనే వదిలేసి జావ చేసింది. సబ్బు కింద పీచు చక్రం వచ్చింది. గాజుసీసాలు ఉత్త కాగితం చుట్టి అట్టపెట్టెలో వేసింది. “ఎవరింటికి పంపుతున్నావు, శత్రువులకా?” అంటూ అత్తగారు ప్రతి సీసాకీ పీచు తొడిగింది, చలికాలంలో పిల్లలకు టోపీ పెట్టినట్టు. గోడకు రంగు వేస్తానని కుంచె తీసుకుని చారలు చారలుగా పూసింది. పీచు ముద్దతో అద్దితే ఎలా ఉంటుందో అత్తగారు అరగంటలో చూపించి, ఆపలేక గోడంతా తనే వేసేసింది.

డబ్బాలమ్మ భర్త సామాన్లు చేరవేసే వ్యాన్ నడుపుతాడు. అతనికి ఈ గూడుపుఠాణీ ఏమీ తెలియదు. గురువారం ఇంటికొచ్చి బూట్లు విప్పగానే పెళ్ళాం ముక్కు మూసుకుని బూట్ల నిండా అత్తరు ఒంపింది. “ఒసే, నా బూట్లు!” అని అతను గగ్గోలు పెట్టాడు. అతని తల్లి కత్తెరతో పీచును పాదం ఆకారానికి కత్తిరించి బూట్ల అడుగున పరిచింది. చెమట పీల్చుకుంటుందట, వారానికోసారి ఉతుక్కోవచ్చట.

“అమ్మా, దీన్ని నేతిబీర అన్నవాడెవడో కానీ,” అన్నాడు అతను అటూ ఇటూ నడిచి చూసుకుంటూ, “నెయ్యి చుక్క కూడా లేదు కానీ మిగతావన్నీ ఉన్నాయి.”

ఎనిమిదో రోజుకు కాగితం మీద పదిహేడు తేలాయి. డబ్బాలమ్మ ఆఫీసు నుంచి వచ్చి కాగితం దాచిన పంచదార డబ్బా వెనక చెయ్యి పెట్టింది. కాగితం లేదు. వెనక్కి తిరిగి చూస్తే అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని కుర్చీలో కూర్చుని ఉంది. కాగితం ఆవిడ ఒళ్ళో ఉంది.

“పదిహేడేనా?” అంది అత్తగారు. “లెక్క తప్పు. ఇంకో ఆరున్నాయి.”

డబ్బాలమ్మ కుక్కిన పేనులా నిలబడింది. “అత్తయ్యా, మీకెప్పుడు తెలిసింది?”

“మొదటి రోజే. ఇన్నేళ్ళు నా వంటింట్లో మసిలినదానివి, మరిగే గిన్నె కాగితం మీద పెడతావా? అంత తెలివితక్కువ కోడల్ని నేను ఏరికోరి తెచ్చుకోలేదు.”

“మరి తెలిసీ ఎందుకు చూపించారు?”

“ఊరుకుందామనే అనుకున్నా. కళ్ళెదురుగా పని చెడిపోతుంటే నా నోరు ఊరుకోదే.” కాగితం మడిచి కోడలి చేతికిచ్చింది. “ఇప్పుడైనా కార్డులో చోటుందా?”

కోడలికి ఏడుపొచ్చింది. అప్పుడు ఉత్తరం సంగతీ, అరవై సొరుగుల సంగతీ, గోడ సంగతీ అన్నీ ఒక్క గుక్కలో చెప్పేసింది. ఆ రోజు తొందరలో అలా రాసినందుకు తప్పయిందని కూడా చెప్పింది. పదకొండేళ్ళ కిందట ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే ఇంత కథే ఉండేది కాదు, కానీ మనుషులు అలా ఎక్కడ చేస్తారు? అత్తగారు అంతా విని, తనిఖీ రోజున తనే వస్తానంది. ఒక్క షరతు: చేతలూ తనవే, మాటలూ తనవే.

ఆ మాటలంటేనే కోడలికి భయం. అత్తగారి చేతికి తిరుగులేదు, కానీ నోరు ఊరుకుంటే కదా. గోరంత ఉంటే కొండంత చేస్తుంది. ఏటా కోత అయ్యాక పీచులు కట్టలు కట్టి, ఎర్రదారం ముడేసి, వీధిలో ఇంటింటికీ పంపుతుంది. పంపి, “వీధి వీధంతా నా పీచు లేనిదే స్నానం చెయ్యదు,” అని చెప్పుకుంటుంది. కోడలే వాటిని పట్టుకెళ్ళి ఇచ్చేది. మర్నాడు బస్టాపుకు నడిచి వెళుతుంటే ఆ ఎర్రదారాలు ఇంటింటి చెత్తబుట్టలోనూ కనబడేవి. ప్లాస్టిక్ పీచు కొట్లో దొరుకుతుంటే ఇదెవరికి కావాలి? ఆ సంగతి ఇంట్లో చెప్పే ధైర్యం, మనసు, రెండూ ఆవిడకు లేవు.

తనిఖీ రోజు వచ్చింది. అధికారి బక్కపల్చటి మనిషి, చెవి మీద పెన్సిలు. మాట తక్కువ. ముందు జనుము తరఫున తాళ్ళు పేనే ముసలాయన వచ్చి రెండు నిమిషాల్లో బారెడు తాడు పేని చూపించాడు. తర్వాత ఆముదం నూనె గానుగ యజమాని వచ్చి, దేశమంతా తన నూనే వాడుతుందని పెద్ద ఉపన్యాసం ఇచ్చాడు. అధికారి తల ఊపుతూ అంతా విని ఆముదం కార్డు మీద అడ్డగీత కొట్టేశాడు. డబ్బాలమ్మకు అర్థం కాలేదు. అంత పేరున్న ఆముదానికే దిక్కులేకపోతే మన బీర గతేమిటి అనుకుంది.

అత్తగారు ఇస్త్రీ బట్టలు కట్టుకుని, రెండు సంచులతో వచ్చింది. అధికారి బల్ల మీద కాగితాలన్నీ తనే పక్కకు జరిపింది.

“కూర్చోండి బాబూ. ఆకలేస్తే చెప్పండి, కాసేపు పడుతుంది.”

పట్టింది మరి. గిన్నె కింద బిళ్ళ, నూనె వడపోత, సబ్బు చక్రం, బూట్ల అడుగు, సీసాల తొడుగు. వీపు రుద్దుకోడానికి రెండు కొసలా తాడు కట్టిన పొడుగు పట్టీ. కోటు మీద నూగు దులిపే బ్రష్షు. సూదులు గుచ్చుకునే దిండు, తుప్పు పట్టవట. బరువు నెత్తిన పెట్టుకునేటప్పుడు కింద పెట్టుకునే చుట్టకుదురు. గుమ్మంలో కాళ్ళు తుడుచుకునే పట్టా. నారు పోసే కుండీ, దాంతోపాటే పాతెయ్యచ్చు. తలుపు టపటపలాడకుండా సందులో దూర్చే బిళ్ళ. లేతకాయ కూరకి, పువ్వు తేనెటీగలకి, తీగ కిటికీకి నీడ. ఇరవై మూడూ చూపించి, అధికారి కళ్ళజోడు లాక్కుని దాని చట్రం కూడా తుడిచి ఇరవై నాలుగు చేసింది.

అధికారి మొహం విప్పారింది. బూటు విప్పి పీచు పెట్టుకుని నాలుగడుగులు వేసి చూశాడు. “ఇంత పనికొచ్చే మొక్కను నేను చూడలేదమ్మా,” అని కార్డు అందుకున్నాడు. “ఇక ఒక్కటే మిగిలింది. వాడేవాళ్ళెందరు?”

డబ్బాలమ్మకు ప్రాణం లేచివచ్చింది. అత్తగారు ఛాతీ పొంగించింది.

“ఎందరా! మా పక్కింటావిడకు ఇది లేనిదే తెల్లారదు. వెనకింటి వాళ్ళు కాయ దిగకముందే కబురు పెడతారు. మా వీధి మంగలి, చెప్పులు కుట్టేవాడు, అందరూ నా గుమ్మం ముందే. వీధి మొత్తం రాసుకోండి. నలభై ఇళ్ళు!”

అధికారి పెన్సిలు ఆగిపోయింది. మొహంలో వెలుగు తగ్గింది. “నలభై ఇళ్ళా,” అన్నాడు. “అయితే లాభం లేదమ్మా.” అడ్డగీత కొట్టడానికి పెన్సిలు కార్డు మీద పెట్టాడు.

“అదేమిటి సార్!” అంది డబ్బాలమ్మ. “ఇంతమంది వాడుతుంటే మంచిదే కదా?”

“మంచిదే. కానీ ఈ పెట్టె దిక్కులేని వాటి కోసం. నలభై ఇళ్ళలో వాడే మొక్కను ఆ నలభై ఇళ్ళే బతికించుకుంటాయి. పనులు ఎన్నో చేస్తూ, అడిగేవాళ్ళు లేని మొక్కకే సొరుగు. ఆముదానికీ అందుకే కొట్టేశాను.”

డబ్బాలమ్మకు ఒక్కసారిగా అంతా తెలిసింది. నిజం చెబితే సొరుగు దొరుకుతుంది. చెత్తబుట్టలు, ఎర్రదారాలు, ఒక్క మాట చాలు. నోరు తెరిచింది. పక్కనే అత్తగారు ఇస్త్రీ బట్టల్లో, రెండు ఖాళీ సంచులతో, నలభై ఇళ్ళ మహారాణిలా నిలబడి ఉంది. ఆవిడ మొహం చూస్తూ ఆ మాట పరాయి మనిషి ముందు ఎలా చెప్పడం? చెప్పలేకపోయింది. గింజ పోతే పోయిందనుకుని నోరు మూసుకుంది.

అత్తగారు కార్డు మీది పెన్సిలు వంకే చూస్తోంది.

“బాబూ, గీత కొట్టకండి,” అంది చివరికి. గొంతు ఎప్పుడూ ఉండేంత పెద్దగా లేదు. “నలభై ఇళ్ళూ అబద్ధం. ఎవరూ వాడరు. ఇచ్చినవి ఇచ్చినట్టే చెత్తలో వేస్తారు.”

కోడలు ఉలిక్కిపడింది. “అత్తయ్యా, మీకు...”

“తెలియదనుకున్నావా? చెత్తబండి ఆగేది మన గుమ్మం ముందే కదమ్మా. నువ్వు చూశావనీ తెలుసు, చెప్పలేదనీ తెలుసు.” చీర కొంగుతో ముక్కు తుడుచుకుని అధికారి వైపు తిరిగింది. “మరి ఏటా ఎందుకిచ్చావని అడగకండి. ఒక్కళ్ళైనా వాడకపోతారా అని. అంతే.”

అధికారి పెన్సిలు తీసి చెవి మీద పెట్టుకుని, మళ్ళీ తీశాడు. “అయితే,” అన్నాడు మెల్లగా, “వాడేవాళ్ళు ఒక్కరు అని రాస్తాను. సొరుగు ఖాయం.”

“రాయండి. ఒక్కత్తినే.”

“ఇద్దరు,” అంది డబ్బాలమ్మ. కళ్ళ నిండా నీళ్ళున్నాయి, తుడుచుకోలేదు. “ఇద్దరని రాయండి సార్. నేనూ ఉన్నాను.”

“ఇద్దరైనా ఇబ్బంది లేదమ్మా. సొరుగు వస్తుంది,” అన్నాడు అధికారి.

అత్తగారు కోడల్ని కింద నుంచి పైదాకా ఒకసారి చూసింది. ఆవిడ కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి, కానీ ఆవిడ నోరు ఊరుకుంటుందా?

“దీనికింకా సగం పనులే చేతనవును,” అంది. “ఒకటిన్నర అని రాయండి.”